నడియేటి దుడుకు, రేవులోని పూచీ: తెలుగునాట పడవ ప్రయాణాల్లో జవాబుదారీతనం

వ్యాససంగ్రహం

కాలువల మీద, నదుల మీద పడవ నడిపేవారి దుడుకు ప్రవర్తనను వారి స్వభావదోషంగా భావించడం పరిపాటి. పడవ మీద ఆజ్ఞ చెల్లేది నీటి నడుమ. ఆ ఆజ్ఞకు జవాబు అడిగే వ్యవస్థ ఉండేది రేవులో. ఈ రెండింటి మధ్య ఏర్పడిన ఎడమే దుడుకుతనానికి చోటిస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గోదావరి డెల్టా కాలువల పనితీరు, ఒక సామెత, ధర్మశాస్త్ర - అర్థశాస్త్రాల నిబంధనలు, పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ, ‘సాక్షి’ చిత్రం, ఇటీవలి ప్రమాదాలు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: సరంగు, రేవు, కేవు, దుడుకు, పూచీ, కాలువ పడవలు, పాపికొండలు.

ఉపోద్ఘాతం

ఖమ్మం జిల్లా వైరా పరిసరాల్లో కాలువ అనగానే గుర్తుకు వచ్చేది సాగునీరు. వైరా జలాశయం కింది కాలువలు గాని, నాగార్జునసాగర్ ఎడమ కాలువ గాని పొలాల కోసం తవ్వినవే తప్ప పడవల కోసం తవ్వినవి కావు. ఇక్కడివారికి పడవ ప్రయాణం పరిచయమైనది భద్రాచలం దారిలో. 1965లో గోదావరిపై వంతెన రాకముందు రామయ్య దర్శనానికి వెళ్లేవారు నదిని పడవ మీదనే దాటవలసి వచ్చేది. వంతెన వచ్చిన తరువాత పడవ అవసరం కాక వినోదం అయింది; పాపికొండల విహారంగా మారింది. అవసరం పోయినా పడవలోని సంబంధం మాత్రం మారలేదు. ఒడ్డు విడిచిన క్షణం నుంచి మళ్లీ ఒడ్డు తాకేదాకా ప్రయాణికుని ప్రాణం మరొకరి చేతిలో ఉంటుంది. ఆ మరొకరు ఎవరికి జవాబుదారి అన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

‘దుడుకు’ అన్న మాటను ఇక్కడ ఎంచుకోవడానికి కారణం ఉంది. మనిషి మీద విరుచుకుపడటాన్ని, ముందువెనుకలు చూడకుండా పని నడపటాన్ని తెలుగు ఈ ఒక్క మాటతోనే చెబుతుంది. నోటి దుడుకు వేరు, చుక్కాని దుడుకు వేరు అని విడదీయకుండా రెండింటినీ కలిపి చూసే వీలు ఈ పదం కల్పిస్తుంది. పడవల విషయంలో ఈ రెండూ ఒకే పరిస్థితి నుంచి పుట్టినవి కావచ్చు.

కాలువ మీద తగాదా ఎక్కడ పుడుతుంది?

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ ఊహలో గోదావరి డెల్టా కాలువలు సాగుకూ రవాణాకూ కలిపి ఉద్దేశించినవి. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కృష్ణ పశ్చిమ డెల్టాలోని కొమ్మమూరు కాలువ, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ - ఇలా కాకినాడ నుంచి మద్రాసు దాటి దక్షిణానికి పడవ నడిచే దారి ఏర్పడింది. 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది దాదాపు ఈ దారినే. అందులో కాకినాడ కాలువ పొడవు 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113. భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం దాకా 171 కిలోమీటర్ల గోదావరి కూడా ఈ జలమార్గంలోనిదే.

నది విశాలమైనది, ఒకరికి ఒకరు అడ్డు రాకుండా తప్పుకోవచ్చు. కాలువ అలా కాదు. గాలి అనుకూలించినప్పుడు తెరచాప, నీరు లోతు తక్కువైనచోట గెడ, మిగిలిన దారి అంతా గట్టు మీద నుంచి తాడుతో లాగడం - ఇదీ కాలువ పడవ నడక. ఒకే గట్టు మీద ఎదురెదురుగా రెండు పడవలను లాగుతున్నప్పుడు రెండు తాళ్లూ బిగువుగా ఉంటే దాటడం సాధ్యం కాదు. ఒకరు తాడు సడలించి నీటిలోకి వదలాలి. రెండో పడవ దాని మీదుగా సాగిపోవాలి. తాడు వదిలిన పడవ ఊపు కోల్పోతుంది. ఆ ఊపును తిరిగి సంపాదించవలసినది గట్టు మీద నడిచే కూలీల భుజాలు. కాబట్టి ‘ముందు తాడు ఎవరు వదలాలి’ అన్నది మర్యాదకు సంబంధించిన ప్రశ్న కాదు, ఒంటి కష్టానికి సంబంధించిన ప్రశ్న. లాకుల దగ్గరా ఇంతే. లాకు తొట్టి నిండటానికి, ఖాళీ కావటానికి సమయం పడుతుంది. ఒకసారి తీసిన నీరు మళ్లీ రాదు. నీటి పొదుపు కోసం లాకు సిబ్బంది పడవలను గుంపుగా పంపాలని చూస్తారు, సరుకు చేర్చవలసిన పడవ ముందు వెళ్లాలని చూస్తుంది. వేసవిలో కాలువలు కట్టివేసే గడువు దగ్గరపడే కొద్దీ ఈ తొందర పెరుగుతుంది.

కూలి ప్రయాణానికి లెక్కగట్టినప్పుడు ఆలస్యం అంతా శ్రామికుని నష్టమే. నష్టం ఎవరిదో, గొంతు పెద్దది చేసేదీ వారే. పడవ యజమాని లాకు దగ్గర ఉండడు. అతని తొందర మాత్రం సరంగు నోటి గుండా బయటపడుతుంది.

సరంగు గొంతు, ప్రయాణికుని కలం

పడవ పదజాలంలో ఒక విశేషం కనిపిస్తుంది. పడవ, ఓడ, తెడ్డు, గెడ, రేవు వంటి మాటలు తెలుగువే. ఆజ్ఞకూ ఉద్యోగానికీ సంబంధించిన సరంగు, కళాసీ, చుక్కాని మాత్రం పారసీక, అరబ్బీ మూలాల నుంచి సముద్ర వ్యాపారం వెంట వచ్చినవి. ‘సరంగు’కు మూలమైన పారసీక పదానికి సేనాధిపతి అని అర్థం. సంస్కృతం నుంచి వచ్చిన ‘కర్ణధారుడు’ కూడా చుక్కాని పట్టేవాడే. ఇప్పుడు ఆ మాట రాజకీయ నాయకుల ముందు, విద్యార్థుల ముందు విశేషణంగా వాడుతున్నారు. నిజంగా చుక్కాని పట్టినవాణ్ణి మాత్రం ఎవరూ కర్ణధారుడని పిలవరు.

ఈ చివరి మాట కేవలం చమత్కారం కాదు. పడవ నడిపినవారిలో అధికులు పల్లెకారులు, అగ్నికులక్షత్రియులు, వాడబలిజలు, బెస్తలు, గంగపుత్రుల వంటి సమూహాల వారు. ఒడ్డు మీద వారి మాటకు విలువ తక్కువ. పడవ కదిలాక అదే మాట అందరికీ శాసనం. ‘అటు ఒరగొద్దు’, ‘కూర్చో’, ‘లేవకు’ అనే ఏకవచనపు ఆజ్ఞలు భూస్వామికీ పురోహితునికీ కూడా వర్తిస్తాయి. సామాజిక హోదా కొద్దిసేపు తలకిందులయ్యే అరుదైన చోటు పడవ. ఆ గద్దింపును మొరటుతనమని నమోదు చేసినది ఎక్కువగా ప్రయాణికుని కలమే. సరంగు తన వైపు కథ రాసుకోలేదు. పడవవాళ్ల దుడుకుతనం గురించిన సాహిత్య సాక్ష్యాన్ని చదివేటప్పుడు పరిశోధకులు ఈ అసమానతను లెక్కలోకి తీసుకోవాలి. పడవ ఒరిగిపోకుండా వేసిన కేకనూ, మనిషిని లొంగదీయడానికి వేసిన కేకనూ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు.

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అన్న సామెతను కృతఘ్నతకు ఉదాహరణగా చెప్పుకుంటాం. దీనిని మల్లయ్య వైపు నుంచి చదివితే మరొక సంగతి తెలుస్తుంది. ఒడ్డు తాకిన మరుక్షణం అతని అధికారమంతా పోతుంది. దిగిన మనిషి కేవు ఇవ్వకుండా వెళ్లిపోతే అతను చేయగలిగింది తక్కువ. అందుకే నడియేటిలో పడవ ఆపి డబ్బు అడగడం, రేటు పెంచి అడగడం, అడిగినది ఇవ్వనివారిని దబాయించడం అనే పద్ధతులకు చోటు ఏర్పడింది. సామెత ప్రయాణికుని నైజాన్ని చెప్పింది. దాని నీడలో పడవవాని నైజం కూడా రూపుదిద్దుకుంది. ఒడ్డు మీద న్యాయం దొరకదని ఇద్దరికీ తెలుసు. కాబట్టి లెక్క నీటి మీదనే తేలాలి.

మనువు, కౌటిల్యుడు: నష్టం ఎవరు భరించాలి?

ప్రాచీన నిబంధనలు ఈ విషయంలో పరస్పరం భిన్నంగా ఉండటం గమనార్హం. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం రేవు రుసుములను చెబుతుంది: ఖాళీ బండికి ఒక పణం, బరువు మోసే మనిషికి అర పణం, పశువుకూ స్త్రీకీ పావు పణం, బరువు లేని మనిషికి అందులో సగం. గర్భిణులకు, సన్న్యాసులకు, బ్రాహ్మణులకు రుసుము లేదు. ఆ వెంటనే, పడవవారి తప్పు వల్ల పోయిన సొత్తును పడవవారంతా కలిసి తలా ఇంత చొప్పున ఇచ్చుకోవాలంటుంది. దైవికమైన ఆపదకు మాత్రం దండన లేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో నావధ్యక్షుడు అనే ఉద్యోగి కనిపిస్తాడు. పెద్ద నావకు నాయకుడు, చుక్కాని పట్టేవాడు, కొడవలి - తాడు చూసేవారు, నీరు తోడేవారు తప్పనిసరి. వేళ కాని వేళలో, రేవు కాని చోట దాటినవారికి జరిమానా. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి: సరిపడ మనుషులు, పరికరాలు లేకపోవడం వల్ల గాని, మరమ్మతు లేకపోవడం వల్ల గాని నావ చెడితే నష్టాన్ని భర్తీ చేయవలసినవాడు నావధ్యక్షుడే.

మనువు దృష్టి తెడ్డు పట్టిన చేతుల దగ్గర ఆగింది. కౌటిల్యుడు ఆ చేతులకు సరైన తెడ్డు ఇచ్చారా లేదా అని అడిగాడు. అర్థశాస్త్రంలోని దండనీతి కాఠిన్యాన్ని ఎంత విమర్శించినా, ఈ ఒక్క నిబంధనలో అది ఆధునిక విచారణ నివేదికలకంటె ముందుంది. తరువాతి కాలంలో మన ఆచరణ మాత్రం మనువు దారినే పట్టింది. ప్రమాదం జరిగితే మొదట పట్టుబడేది సరంగు; అతను మునిగిపోయి ఉంటే యజమాని; అధికారి వంతు వచ్చేసరికి బదిలీతోనో సస్పెన్షన్‌తోనో కథ ముగుస్తుంది.

‘పడవ ప్రయాణం’: పూచీ పడ్డ మనిషి

కాలువ పడవను తెలుగు కథలో శాశ్వతం చేసిన రచన పాలగుమ్మి పద్మరాజు (1915-1983) ‘పడవ ప్రయాణం’. ‘గాలివాన’కు వచ్చిన అంతర్జాతీయ బహుమతి వెలుగులో ఈ కథ కొంత మరుగున పడినా, నిర్మాణంలో దానికి తీసిపోదు. రాత్రివేళ కాలువ మీద సాగే సరుకు పడవలోకి రంగి, పద్దాలు ఎక్కుతారు. పద్దాలు దొంగ అని పడవవాళ్లకు తెలుసు. అయినా రంగి బతిమాలి చోటు సంపాదిస్తుంది. రాత్రి పద్దాలు సరుకు దొంగిలించి మధ్యలో దిగిపోతాడు. పడవలో మిగిలిపోయిన రంగి పట్టుబడుతుంది. తనను హింసించిన, తన సొమ్ము కాజేసిన, మరొక స్త్రీని తెచ్చుకున్న మనిషి కోసం ఆమె ఆ నేరాన్ని నెత్తిన వేసుకుంటుంది. వినే చెవి ఒక్కటే: పడవలో ఉన్న కథకుడు.

ఈ కథను ప్రేమలోని వింత విధేయతగా వ్యాఖ్యానించడం తరచు కనిపిస్తుంది. కె.ఎస్. సేతుమాధవన్ దర్శకత్వంలో రోహిణి రంగి పాత్ర ధరించిన ‘స్త్రీ’ (1995) చిత్రం కూడా ఆ కోణాన్నే ప్రధానం చేసింది. పడవను కేవలం నేపథ్యంగా కాక ఒక వ్యవస్థగా చూస్తే కథ మరొక విధంగా తెరుచుకుంటుంది. సరుకు పోతే దానికి సమాధానం చెప్పవలసినవారు పడవవాళ్లు. ఆ భయమే వాళ్ల కోపానికి మూలం. దొంగ ఒడ్డుకు చేరాడు. ఒడ్డు మీద అతణ్ణి వెదకడం వాళ్ల వల్ల కాదు. చేతికి అందేది పడవలో ఉన్న మనిషి ఒక్కతే. యజమాని నుంచి పడవవాళ్ల మీదికి, వాళ్ల నుంచి రంగి మీదికి బాధ్యత జారుతూ వచ్చి, జారడానికి ఇక చోటులేని మనిషి దగ్గర ఆగింది. పద్దాలు చేసిన హింసకు మాత్రం ఆ పడవలో లెక్క అడిగేవారు లేరు. బస్తాకు లెక్క ఉంది, మనిషికి లేదు.

సరుకుకు ఉన్న లెక్క మనిషికి లేకపోవడం తెలుగు కాలువల ప్రత్యేకత కాదు. 1839 జూన్‌లో ఇంగ్లండులో క్రిస్టినా కాలిన్స్ అనే మహిళ భర్తను చేరుకోవడానికి లివర్‌పూల్ నుంచి లండన్‌కు సరుకు పడవ మీద బయలుదేరింది. తాగిన పడవవాళ్ల ప్రవర్తనకు భయపడి దారిలో స్టోక్ వద్ద, స్టోన్ వద్ద రవాణా సంస్థ ఉద్యోగులకు చెప్పుకున్నది. స్టోన్ దగ్గరి గుమస్తా ఇచ్చిన సలహా ప్రయాణం ముగిశాక ఫిర్యాదు చేయమని. ఆ తరువాతి లాకు దగ్గర సిబ్బంది ఆమె కేకలు విన్నారు. పడవవాళ్లు చెప్పిన సమాధానంతో సరిపెట్టుకున్నారు. ఆమె శవం రూజ్‌లీ సమీపంలో కాలువలో దొరికింది. ఇద్దరు పడవవాళ్లను 1840లో ఉరి తీశారు, మూడోవానికి ద్వీపాంతరవాసం. పడవ ఏ లాకుకు ఎప్పుడు వచ్చిందో చెప్పగలిగిన వ్యవస్థ అది. ఆ దారి పొడవునా ఒక స్త్రీ మొర వినడానికి అధికారం ఉన్నవారు లేరు. ‘ప్రయాణం ముగిశాక’ అన్న మాటలోనే లోపమంతా ఉంది.

నేరస్థులు దొరికారు, శిక్ష పడింది. దీనిని జవాబుదారీతనం అనవచ్చునా? శిక్ష అంటే జరిగినదానికి చెల్లించే మూల్యం. జవాబుదారీతనం అన్నది జరుగుతున్నప్పుడే ఆపగలిగిన ఏర్పాటు. రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల పడవ ప్రమాదాల చర్చ తరచు అరెస్టుల చర్చగా మిగిలిపోతున్నది.

ఇక్కడ ‘సాక్షి’ (1967) చిత్రాన్ని స్మరించడం అవసరం. ముళ్లపూడి వెంకటరమణ రచన, బాపు తొలి దర్శకత్వం. గోదావరి జిల్లా పులిదిండి పరిసరాల్లో చిత్రీకరణ. అందులో బల్లకట్టు నడిపే కిష్టయ్య సాధువు. దౌర్జన్యపరుడు లారీ నడిపే ఫకీరు. హత్యను కళ్లారా చూసిన కిష్టయ్య న్యాయస్థానంలో సాక్ష్యం చెబుతాడు. ఫకీరు పగతో తిరిగివచ్చినప్పుడు, నిత్యం అతని బల్లకట్టు మీద ఏరు దాటిన ఊరు అతనికి అండగా నిలవదు. పడవవాడు మొరటువాడన్న అలవాటైన చిత్రణను ఈ కథ తలకిందులు చేసింది. ఓడ మల్లయ్య సామెతకు ఇంతకంటె కఠినమైన వ్యాఖ్యానం తెలుగు తెరపై అరుదు.

చట్టం భాష, నది భాష

కాలువ పడవలు, రేవుల నిర్వహణ కోసం మద్రాసు ప్రభుత్వం 1890లో ప్రత్యేక చట్టం చేసింది. దాని చూపు ప్రధానంగా సుంకం, లైసెన్సు, రేవుల నిర్వహణ మీద ఉంది. రేవు పాట పాడుకున్నవాడు పెట్టుబడి రాబట్టుకోవాలి. పడవలో ఎక్కే ప్రతి అదనపు మనిషీ అతనికి లాభమే. అంటే పర్యవేక్షించవలసిన వ్యవస్థ ఆదాయమే అధిక బరువుకు ప్రేరణ అయింది. శిక్షల విషయం 1860 నాటి భారత శిక్షాస్మృతి చూసుకున్నది. 280వ సెక్షన్ దుడుకుగా గాని నిర్లక్ష్యంగా గాని పడవ నడపటం గురించి, 282వ సెక్షన్ సురక్షితం కాని పడవలో లేదా అధిక బరువుతో కిరాయికి మనుషులను తీసుకువెళ్లడం గురించి చెప్పాయి. రెండింటికీ గరిష్ఠంగా ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవి 282, 284 సెక్షన్లుగా మారాయి. జరిమానా పెరిగింది, జైలు గరిష్ఠ పరిమితి అదే ఆరు నెలలు.

2017 నవంబరు 12, కార్తికమాసపు ఆదివారం. ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణ-గోదావరి పవిత్ర సంగమానికి వస్తున్న ప్రైవేటు పడవ బోల్తా పడింది. 22 మంది మరణించారు. వారిలో అధికులు ఒంగోలు నుంచి వచ్చినవారు. ఆ పడవకు అనుమతి లేదని తరువాత తేలింది. 2019 సెప్టెంబరు 15న గండి పోచమ్మ దగ్గర బయలుదేరి పాపికొండలకు వెళుతున్న పర్యాటక బోటు కచ్చులూరు వద్ద మునిగింది. బోటులో 77 మంది. ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. ఆనాడు నదిలో దాదాపు ఐదు లక్షల క్యూసెక్కుల వరద ఉంది. బోటు నడిపినవారూ ప్రాణాలు కోల్పోయారు. యజమానిని అరెస్టు చేశారు.

వరద నీటిలోకి బోటును తీసుకువెళ్లడం నిస్సందేహంగా దుడుకు. ఆ దుడుకు సరంగు ఒక్కనిది అనడం మాత్రం తేలిక సమాధానం. టికెట్లు ముందే అమ్ముడయ్యాయి. ప్రయాణికులు దూరాల నుంచి, వరంగల్ వంటి చోట్ల నుంచి సెలవు చూసుకొని వచ్చారు. వెళ్లవద్దనే మాట చెప్పే అధికారం సరంగుకు ఉన్నదా? జీతగాని ‘కాదు’కు నష్టం వస్తుంది, ‘సరే’కు జీతం వస్తుంది. ప్రయాణికుని ముందు గద్దించగలిగిన గొంతు యజమాని ముందు పెగలకపోవడం ఈ వృత్తిలోని అసలు వైరుధ్యం. నోటి దుడుకు, చుక్కాని దుడుకు కలిసేది కూడా ఇక్కడే: కిందివాని మీద ఆజ్ఞ ఉంది, పైవానిని కాదనే హక్కు లేదు.

కచ్చులూరులో మొదట మనుషులను కాపాడినది సమీప గ్రామస్థుల చిన్న పడవలు. మునిగిన బోటును అక్టోబరు 22న పైకి తెచ్చినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. ఏ లైసెన్సు పత్రమూ వారిపై ఈ పూచీని మోపలేదు.

సరిహద్దు నీళ్లు

2014 రాష్ట్ర విభజనతో కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు తదితర మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు చేరాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. అక్కడి నుంచి పాపికొండలకు వెళ్లేవారు లాంచీ ఎక్కే పోచవరం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. వైరా నుంచి బయలుదేరిన కుటుంబం ఒక రాష్ట్రంలో దర్శనం చేసుకొని, మరొక రాష్ట్రపు రేవులో లాంచీ ఎక్కుతుంది. ఆ నీరు కేంద్రం ప్రకటించిన జాతీయ జలమార్గం. టికెట్టు కొన్నది ఒకచోట, లాంచీకి అనుమతి ఇచ్చినది మరొకచోట అయినప్పుడు, లాంచీలో అవమానమో ప్రమాదమో ఎదురైతే మొదట ఏ తలుపు తట్టాలో ప్రయాణికునికి తెలియదు. పూర్వం ఒడ్డుకూ నడియేటికీ మధ్య ఉన్న ఎడానికి ఇప్పుడు రెండు ఒడ్డుల మధ్య ఎడం కూడా తోడైంది.

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత జలనౌకల చట్టం మర పడవల నమోదును, తనిఖీని, సిబ్బంది అర్హతలను దేశమంతటా ఒకే పద్ధతిలోకి తేవాలని సంకల్పించింది. యంత్రం లేని నాటుపడవలను కూడా స్థానిక స్థాయిలో నమోదు చేసే వీలు కల్పించింది. డెల్టా కాలువల పడవలకు, గోదావరి పాయల్లోని రేవు పడవలకు, జలాశయాల మీది చేపల పడవలకు ఇది వర్తించగల ఏర్పాటు. నమోదు పుస్తకంలో పడవ పొడవు, మోయగల బరువు, యజమాని పేరు ఎలాగూ ఉంటాయి. వరద చూసి ‘ఈ పూట కదలను’ అన్న సరంగు మాటకు, నడియేటిలో దబాయింపుకు గురైన ప్రయాణికుని మాటకు అందులో గడి ఉంటుందా, ఆ గడిని ప్రయాణం ముగియకముందే చదివేవారు రేవులో ఉంటారా అన్నది రాష్ట్రాలు రాసుకునే నియమాల మీద ఆధారపడి ఉంది.